అమ్మీటరు ముల్లు వెంట

పాయింట్లున్న పాత బుల్లెట్ 350లో కరెంటుకు రెండు దారులు. మొదటిది బ్యాటరీ దగ్గర మొదలై ఫ్యూజు, అమ్మీటరు, ఇగ్నిషన్ స్విచ్ దాటి కాయిల్‌లోని లావు చుట్టలోకి వెళుతుంది. అక్కడినుంచి పాయింట్లలోకి వచ్చి, పాయింట్లు కలిసి ఉంటే ఇంజను ఇనుములోకి దిగి, తిరిగి బ్యాటరీకి చేరుతుంది. 12 వోల్టుల బండిలో ఈ దారిన నడిచేది మూడు, నాలుగు ఆంపియర్లు. రెండో దారి పొట్టిది: కాయిల్‌లోని సన్న చుట్ట, హెచ్‌టీ (హై టెన్షన్) వైరు, క్యాపు, ప్లగ్గు. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు లావు చుట్టలో కరెంటు పారి కాయిల్ నడిమి ఇనుములో అయస్కాంత శక్తి నిండుతుంది. క్యామ్ వచ్చి పాయింట్లను విడదీయగానే కరెంటు తెగుతుంది, ఆ శక్తి సన్న చుట్టలో వేల వోల్టులుగా లేచి ప్లగ్గు కొసన రవ్వ అవుతుంది. 1910 ప్రాంతంలో అమెరికాలో చార్లెస్ కెటరింగ్ కార్లకు కుదిర్చిన పద్ధతి ఇది. మద్రాసు పక్కన తిరువొత్తియూరులో తయారైన బుల్లెట్లు దశాబ్దాల పాటు దీని మీదే నడిచాయి. మొదటి దారిలో ఎక్కడ అడ్డు పడినా రెండో దారిలో రవ్వ ఉండదు. అందుకే వెతుకులాట ప్లగ్గు దగ్గర కాదు, బ్యాటరీ దగ్గర మొదలవ్వాలి. చాలామంది చేసేది దీనికి సరిగ్గా తలకిందులు.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య పాత బుల్లెట్లు మాత్రమే చూసే ఒక రేకుల షెడ్డు ఉంది. ఈ వ్యాసకర్త వెళ్ళిన పూట అక్కడ సెంటర్ స్టాండ్ మీద ఉన్నది కొత్తగా పౌడర్ కోటింగ్ వేయించిన కాస్ట్ ఐరన్ ఇంజను బండి. మెరుపుకేం తక్కువ లేదు. చల్లగా ఉన్నప్పుడు రెండు కిక్కులకు స్టార్టవుతుంది. వేడెక్కాక మిస్సింగ్ మొదలై ఆగిపోతుంది, కాసేపు నీడన నిలిపితే మళ్ళీ లేస్తుంది. హెడ్‌లైటు కూడా ఎర్రగా, నీరసంగా వెలుగుతోంది. యజమాని అప్పటికే వేరే చోట ప్లగ్గు, హెచ్‌టీ వైరు, కాయిల్ మూడూ మార్పించాడు. రోగం మాత్రం కదల్లేదు.

మేస్త్రీ పానా పట్టుకునే ముందు అడిగిన ప్రశ్న ఒక్కటే. “ఆగేటప్పుడు టక్కున ఆగుద్దా సార్, లేక గొంతు తగ్గుకుంటా ఆగుద్దా?” ఇది ఊరికే అడిగే ప్రశ్న కాదు. పెట్రోలు అందకపోతే ఇంజను నీరసించి, యాక్సిలరేటర్‌కు బదులు పలకడం మానేసి, నెమ్మదిగా చస్తుంది. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినా లక్షణం ఇదే, మూత ఒకసారి తెరిచి మూస్తే బండి లేస్తుంది. కరెంటు తెగితే మాత్రం తాళం తీసేసినట్టు ఒక్కసారిగా ఆగుతుంది, లేదా ఆగే ముందు సైలెన్సర్‌లో ఠాప్ ఠాప్‌మని పేలుతుంది. సిలిండరులో అంటుకోని పెట్రోలు ఆవిరి వేడి సైలెన్సర్‌లోకి వెళ్ళి అక్కడ అంటుకోవడం వల్ల వచ్చే చప్పుడది. ఈ బండి పేలుతూ ఆగుతోంది. సగం రోగం ఇక్కడే తేలిపోయింది.

తరువాత బ్యాటరీ. మంచి 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే ఏ లోడూ లేనప్పుడు 12.6 వోల్టులకు తగ్గదు. 12 దగ్గర చూపిస్తే అది దాదాపు ఖాళీ అయినట్టే లెక్క. నీళ్ళు పోసే రకంలో హైడ్రోమీటరు పెడితే సాంద్రత 1.26 నుంచి 1.28 మధ్య ఉండాలి, ఒక్క గదిలో మాత్రం బాగా తక్కువ చూపిస్తే ఆ గది పోయినట్టు. కానీ లోడు లేని కొలత మోసం చేస్తుంది. హెడ్‌లైటు వేసి అప్పుడు కొలవాలి. అలా కొలిస్తే ముసలి బ్యాటరీ వోల్టేజీ చూస్తుండగానే జారుతుంది. టెర్మినళ్ళ మీద తెల్లగా, పచ్చగా పట్టే చిలుము ఇంకో దొంగ. గోరువెచ్చని నీళ్ళలో వంటసోడా కలిపి కడిగి, ఇత్తడి బ్రష్‌తో రుద్ది, బిగించాక వాజిలిన్ రాయడం షెడ్డులో ప్రతి బండికీ చేసే పని. సోడా నీళ్ళు బ్యాటరీ గదుల్లోకి పోకుండా చూసుకుంటే చాలు.

ఇక అమ్మీటరు. హెడ్‌లైటు మీద ఉండే ఈ గుండ్రటి బిళ్ళను చాలామంది అలంకారమనుకుంటారు. నిజానికి కంపెనీ వాడు బండితోపాటే ఇచ్చిన పరీక్ష పరికరం అది. కీ ఆన్ చేసి, డీకంప్రెసర్ లివరు పట్టుకుని, కిక్ రాడ్డును నెమ్మదిగా కిందికి నొక్కుతూ ముల్లును చూడాలి. పాయింట్లు కలిసినప్పుడు ముల్లు ఎడమకు, అంటే డిశ్చార్జి వైపు, కాస్త వాలుతుంది. విడిపోయినప్పుడు మధ్యకు వస్తుంది. ఇలా వాలుతూ, లేస్తూ ఉంటే బ్యాటరీ నుంచి పాయింట్ల వరకు మొదటి దారి మొత్తం పనిచేస్తున్నట్టే. అప్పుడు అనుమానం పాయింట్ల దగ్గరి రవ్వను మింగే కండెన్సరు మీదికి, కాయిల్ సన్న చుట్ట మీదికి, ప్లగ్గు వైపుకు పోతుంది.

ముల్లు అసలు కదలకపోతే దారి తెగింది. హారన్, బ్రేక్ లైటు కూడా పనిచేయకపోతే ఫ్యూజో, బ్యాటరీ టెర్మినలో. అవి బాగుంటే ఇగ్నిషన్ స్విచ్ నుంచి కాయిల్ మీదుగా పాయింట్లకు పోయే వైరు తెగి ఉండాలి, లేదా పాయింట్ల ముఖాలకు మసి, నూనె పట్టి కలిసినా కరెంటు దాటకుండా ఉండాలి. ముల్లు ఎడమకు వాలి, ఎంత కిక్ నొక్కినా మధ్యకు రాకపోతే పాయింట్లు విడిపోవడం లేదు, లేదా విడిపోయినా కరెంటుకు అడ్డదారి దొరుకుతోంది. ఆ అడ్డదారి తరచు లోపల షార్టయిన కండెన్సరు. కొత్త పాయింట్లు వేసిన మర్నాడే ఈ లక్షణం కనిపిస్తే పాయింట్ల స్క్రూ దగ్గరి ఫైబర్ వాషరు తారుమారైందని మేస్త్రీ బండి విప్పకుండానే చెబుతాడు. వైరు కొస, స్ప్రింగు కొస ఇనుముకు తగలకుండా ఆపేది ఆ చిన్న వాషరే. ఇక కీ తిప్పగానే ముల్లు ఎడమ అంచుకు కొట్టుకుంటే ఎక్కడో వైరు ఒరిసి ఫ్రేముకు తగులుతోంది. హ్యాండిల్ తిప్పినప్పుడు మాత్రమే కొట్టుకుంటే వెతకాల్సిన చోటు హ్యాండిల్ మెడ, రోజుకు వందసార్లు వైర్లు వంగేది అక్కడే. ఇంత చెప్పే పరికరాన్ని బండి ముస్తాబు చేయించేటప్పుడు తీసేసి డూప్లికేటు బిళ్ళ పెట్టించుకునేవాళ్ళున్నారు.

షెడ్డులోని బండికి ముల్లు చక్కగా ఆడింది. అంటే మొదటి దారి తెగలేదు. అయితే తెగకపోవడం వేరు, సరిపడా కరెంటు రావడం వేరు. కీ ఆన్‌లో, పాయింట్లు కలిసి ఉండగా మీటరు నల్ల వైరు బ్యాటరీ నెగటివ్‌కు, ఎర్ర వైరు కాయిల్‌కు కరెంటు వచ్చే వైపు టెర్మినల్‌కు పెడితే దాదాపు బ్యాటరీ వోల్టేజీ రావాలి. అర వోల్టు కంటే ఎక్కువ తగ్గితే మధ్యలో స్విచ్చో, జాయింటో తినేస్తోంది. అదే ఎర్ర వైరును పాయింట్ల టెర్మినల్‌కు పెడితే సున్నాకు దగ్గరగా ఉండాలి, పావు వోల్టు మించితే పాయింట్ల ముఖాలు శుభ్రం చేయాల్సిందే. మీటరు లేనప్పుడు రోడ్డు పక్కన చేసే పని ‘డైరెక్టు ఇవ్వడం’, అంటే బ్యాటరీ పాజిటివ్ నుంచి కాయిల్‌కు నేరుగా వైరు వేయడం. దాంతో బండి లేస్తే తప్పు స్విచ్‌దో, వైరింగ్‌దో. అలా లేచిన బండి కీ తీసినా ఆగదు, ఆ వైరు పీకితేనే ఆగుతుంది. ఇంజను ఆగి, పాయింట్లు కలిసి ఉండగా కీ ఆన్‌లో వదిలేయడం కూడా మంచిది కాదు. కాయిల్ కాలుతుంది, బ్యాటరీ కారిపోతుంది.

పాయింట్ల గది సిలిండరు వెనక, కుడివైపు ఉంటుంది. మూత తీసి, క్యామ్ ఎత్తు మీద పాయింట్లు పూర్తిగా విడిపోయేలా ఇంజను తిప్పి ఫీలర్ గేజ్ పెడతారు. గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. మేస్త్రీల భాషలో పద్నాలుగు, పదహారు థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు. క్యామ్‌కు ఒరుసుకునే ఫైబర్ మడమ అరిగేకొద్దీ గ్యాపు తగ్గుతుంది, గ్యాపు తగ్గితే పాయింట్లు ఆలస్యంగా విడిపోయి టైమింగ్ వెనక్కి పోతుంది, బండి బరువుగా లాగుతుంది, వేడెక్కుతుంది. గ్యాపు ఎక్కువైతే టైమింగ్ ముందుకు జరుగుతుంది, కాయిల్‌లో శక్తి నిండే సమయం తగ్గుతుంది, కిక్ రాడ్డు ఎదురు తంతుంది. కాబట్టి గ్యాపు కుదిర్చాకే టైమింగ్ చూడాలి. పాయింట్ల మధ్య సిగరెట్ పేపరు పెట్టి ఇంజను మెల్లగా తిప్పుతూ, పేపరు వదులై ఊడి వచ్చే క్షణం పిస్టన్ పైకొసకు ఎంత ముందుందో చూస్తారు. టెస్ట్ ల్యాంపుతోనూ ఇదే పని అవుతుంది గానీ పేపరు పద్ధతి చేతికి నేర్పే సున్నితం ల్యాంపు నేర్పదు. ముఖాలను ఎమరీ పేపరుతో రుద్దినప్పుడు దాని పొడి అక్కడే మిగిలితే రుద్దినదంతా వృథా. పెట్రోలులో తడిపిన శుభ్రమైన అట్టముక్కను మధ్య నుంచి లాగాలి.

ఆ బండి పాయింట్లు నీలినలుపుగా కాలి ఉన్నాయి. ఇది కండెన్సరు మీద వేలు చూపే గుర్తు. పాయింట్లు విడిపోయే క్షణంలో లావు చుట్టలో కూడా రెండు మూడు వందల వోల్టులు లేచి, విడిపోతున్న ముఖాల మధ్య దూకాలని చూస్తాయి. ఆ పోటును 0.2 మైక్రోఫారడ్ ప్రాంతపు కండెన్సరు తనలోకి తీసుకుంటే కరెంటు చురుగ్గా తెగుతుంది. తీసుకోకపోతే రవ్వ ప్లగ్గు దగ్గర బదులు పాయింట్ల దగ్గర పుడుతుంది, ముఖాలు కాలుతాయి, ప్లగ్గుకు మిగిలేది పలుచని పసుపు రవ్వ. కండెన్సరులో ఇంకో గుణం ఉంది: చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడికి చచ్చేది ఎక్కువగా ఇదే. కాయిల్ కూడా ఇలాగే వేడికి పోవచ్చు. యజమాని కాయిల్ మార్పించింది అందుకే, ఆలోచన మరీ తప్పేం కాదు. కాకపోతే కాయిల్ ఖరీదెక్కువ, కండెన్సరు చవక. చవకది ముందు చూడాలన్న లెక్క పాటించలేదు.

చల్లటి కండెన్సరును మామూలు మీటరుతో కొలిస్తే బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. అందుకని బండిని షెడ్డులోనే నడిపి వేడెక్కించారు. మిస్సింగ్ మొదలయ్యే వేళకు పాయింట్ల దగ్గర తెల్లటి రవ్వలు టపటపలాడటం నీడలో స్పష్టంగా కనిపించింది. మంచి కండెన్సరు ఒకదానికి రెండు క్లిప్పులు తగిలించి ఉంచుకుంటారు. మేస్త్రీ ఇంజను ఆపి పాతదాని వైరు విడదీసి, దీన్ని బయటినుంచి పాయింట్లకూ ఎర్తుకూ కలిపి మళ్ళీ కిక్ కొట్టాడు. పాయింట్ల దగ్గరి రవ్వ కంటికి ఆననంత చిన్నదైంది, మిస్సింగ్ పోయింది. కొత్త కండెన్సరు, పాయింట్లు కలిపి బిగించారు. కాలిన పాయింట్లతో కొత్త కండెన్సరు వేయడం సగం వైద్యం.

రెండో దారి పరీక్షలు ఈ బండికి అక్కరలేకపోయినా క్రమంలో అవి వచ్చేది ఇక్కడే. ప్లగ్గు విప్పి, క్యాపు తగిలించి, దాని ఒంటిని హెడ్డుకు ఆనించి కిక్ కొడితే నీలంగా, చిటపటమనే రవ్వ రావాలి. పెట్రోలు ఆవిరి చిమ్మే ప్లగ్గు రంధ్రానికి దూరంగా పట్టుకోవాలి. బయట రవ్వ వచ్చినంత మాత్రాన సిలిండరులో వస్తుందని లేదు, ఎందుకంటే నొక్కుకుపోయిన గాలిని చీల్చడానికి చాలా ఎక్కువ వోల్టేజీ కావాలి. అందుకే హెచ్‌టీ వైరు కొస నుంచి రవ్వ ఐదారు మిల్లీమీటర్లు దూకుతుందా అని చూస్తారు. వానాకాలంలో ఆగే బండికి క్యాపు, వైరు తడి తీయడం మొదటి పని. చీకట్లో ఇంజను నడిపి చూస్తే పగిలిన వైరు మీద, క్యాపు మీద నీలిగీతలు పాకుతూ కనిపిస్తాయి.

ఇక ఎర్ర హెడ్‌లైటు. బల్బు మార్చినా ఫలితం లేకపోతే ఎర్తు చూడాలి. లైటు వెలుగుతుండగా మీటరు ఒక కొస బల్బు హోల్డరు ఒంటికి, రెండో కొస బ్యాటరీ నెగటివ్‌కు పెట్టారు. 0.2 వోల్టులకు మించకూడని చోట రెండు వోల్టుల పైన చూపింది. హెడ్‌లైటు కరెంటు తిరిగి రావాల్సింది హ్యాండిల్ మెడలోని బేరింగుల మీదుగా, ఆపైన ఫ్రేము మీదుగా. బేరింగుల్లో గ్రీజు, ఫ్రేము మీద దళసరి పౌడర్ కోటింగు. రెండూ కరెంటును అడ్డుకునేవే. ముస్తాబు చేయించిన బండ్లలో ఎర్తు రోగాలు ఎక్కువగా కనిపించడానికి కారణం ఈ పూతే. ఎర్తు బోల్టు కింద రంగు గీకి ఇనుము తేల్చి, హెడ్‌లైటు నుంచి బ్యాటరీకి విడిగా ఒక ఎర్తు వైరు లాగడంతో లైటు తెల్లబడింది. బల్బుకు అందే వోల్టేజీ ఐదో వంతు తగ్గితే వెలుగు సగానికి పడిపోతుంది. 6 వోల్టుల పాత బండ్లకు ఈ బాధ మరీ ఎక్కువ. 35 వాట్ల బల్బుకు 12 వోల్టుల్లో మూడు ఆంపియర్లు చాలు, 6 వోల్టుల్లో దాదాపు ఆరు కావాలి. అదే తుప్పు జాయింటులో పోయే వోల్టులు రెండింతలవుతాయి. పోగొట్టుకోవడానికి ఉన్నవేమో ఆరే.

చివరి పరీక్ష చార్జింగు. ఇంజను మోస్తరు వేగంలో తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి, అమ్మీటరు ముల్లు కుడివైపు కదలాలి. 15 దాటితే రెగ్యులేటరు పోయింది, బ్యాటరీ నీళ్ళు మరిగిపోతాయి. 12.5 దగ్గరే ఆగితే రెక్టిఫయరులోని డయోడ్లు ఒక్కొక్కటే చూడాలి, కరెంటు ఒక దిక్కునే పోనివ్వాలి. అవి బాగుంటే ఎడమవైపు చైన్ కేసు విప్పి, స్టేటర్ వైర్లు చైనుకు ఒరిసి తెగాయేమో చూడటం మిగులుతుంది.

పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్టు వేయించుకునేవాళ్ళు పెరిగారు. గ్యాపు కుదర్చాల్సిన పని ఉండదు, టైమింగ్ జారదు, రోజూ నడిపే బండికి అది లాభమే. అయితే బలహీనమైన బ్యాటరీ మీద పాయింట్లు ఎలాగో నెట్టుకొస్తాయి, చాలా కిట్లు ఒక వోల్టేజీకి దిగువన అసలు పలకవు. అదీగాక కిట్టు దారిలో పోతే దాన్ని విప్పి చేయగలిగింది ఏమీ ఉండదు. అందుకే కిట్టు వేసిన బండి యజమానికి కూడా మేస్త్రీ ఆ పాత పాయింట్లను, కండెన్సరును కవరులో చుట్టి టూల్ బాక్సులో వేసి పంపిస్తాడు.