జాకెట్టు కొలతలు

రొమ్ము క్యాన్సర్ ఆపరేషనై 11 ఏళ్లు. అందరి లెక్కలో నాకు ఎప్పుడో నయమైపోయింది. రిపోర్టులూ అదే చెబుతున్నాయి. నిన్న మేనకోడలి పెళ్లికి జాకెట్టు కుట్టించుకుందామని వెళ్తే, టైలరమ్మ చేతిలో టేపు ఎడమవైపు దగ్గర ఒక్క క్షణం ఆగింది. అంతే, నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్ల తర్వాత కూడానా అని నామీద నాకే కోపం వచ్చింది.

ఆమె ఏమీ అడగలేదు. "అక్కా, లోపల మెత్తటి నూలుగుడ్డతో జేబు కుడతా, ప్యాడ్ జారదు. ఎడమ చెయ్యి కాస్త లూజు పెడతాలే" అంది. చంకలో గ్రంథులు తీసేసినవాళ్లకి ఆ చెయ్యి వాయచ్చు, ఏళ్లు గడిచాక కూడా. నాకు ఆపరేషనైన ఆరో ఏట మొదలైంది. అప్పట్నుంచీ రెండు చేతులకీ ఒకే సైజు గాజులు పట్టవు. గాజులంటే నాకు ప్రాణం.

"ప్రాణం దక్కింది, అది చాలదూ" అంటారు. దక్కినందుకు రోజూ దేవుడికి దండం పెట్టుకుంటాను. పోయినదాని మీద బెంగా ఉంది.

మీ ఇంట్లో ఇలాంటి అమ్మో అక్కో పిన్నో ఉంటే, దయచేసి ఆ మాట అనకండి. ఆమె అద్దం ముందు ఎందుకు నిలబడటం లేదో ఒక్కసారి పక్కన కూర్చుని అడగండి.