కాలిన ఇంటికి తాళం

కాలిన కొట్టుకి మంట ఆరాక వచ్చే మొదటి రాత్రే గండం. ఫైర్ బండి వెళ్లిపోతుంది, పోలీసులు వెళ్లిపోతారు, చూడవచ్చిన జనం అన్నాల వేళకి ఇళ్లకి పోతారు. అప్పటికి తలుపు ఉండదు, కిటికీ రెక్క ఉండదు, షట్టరు సగంలో ఇరుక్కుని ఉంటుంది. మంటకి దొరక్కుండా మిగిలింది వానకి పోతుంది, లేదా దొంగకి పోతుంది. ఏముందో చూద్దామని దూరిన కుర్రాడి మీద కప్పు కూలితే ప్రాణమే పోతుంది. చీకటి పడేలోగా ఆ కొట్టు మూసి తాళంచెవి యజమాని చేతిలో పెట్టడం నా పని.

మాది బరంపురంలో వడ్రంగం చేసుకునే తెలుగు కుటుంబం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమయ్యేదాకా మా ఊరున్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందుకే ఈ ఊళ్లో నన్ను "మేస్త్రీ" అని పిలిచేవాళ్లూ, "భాయినా" అని పిలిచేవాళ్లూ పక్కపక్క గుమ్మాల్లోనే ఉంటారు. తలుపులు, కిటికీలు, మంచాలు నాకు కూడు పెట్టే పని. కాలిన ఇళ్లు మూయడం మధ్యలో తగిలే పని. ఇంగ్లండు, అమెరికాల్లో దీనికి విడిగా కంపెనీలుంటాయి. అర్ధరాత్రి ఫోను చేసినా ప్లైవుడ్డు వేసుకుని బండి వస్తుంది. ఇక్కడ ఒక వడ్రంగి, ఒక వెల్డరు, ఇద్దరు సెంట్రింగు కుర్రాళ్లు కలిస్తే అదే కంపెనీ.

పిలుపు రాగానే బల్లలు ఎత్తుకుని పరిగెత్తకూడదు. ఫైర్ స్టేషన్ వాళ్లు లోపలికి పోవచ్చన్నారా అన్నది మొదటి ప్రశ్న. పైకి ఆరినట్టే ఉన్నా బట్టల మూటల్లో, పరుపుల్లో, బస్తాల్లో నిప్పు లోలోపల ఉంటుంది. గాలి తగిలితే మళ్లీ లేస్తుంది. రెండోది కరెంటు. ఇంట్లో మెయిన్ దించితే చాలదు, స్తంభం దగ్గరే తీగ విడదీయాలి. ఆ పని టాటా పవర్ వారి లైన్‌మన్ చేయాలి. 2021 నుంచి దక్షిణ ఒడిశాకి కరెంటు పంచేది వాళ్ల సంస్థే. మూడోది గ్యాస్ సిలిండర్లు. ప్రాణం పోయినా, ఎవరో కావాలని అంటించారన్న అనుమానమున్నా, పోలీసులు సరేననేదాకా వాకిట్లో తాడు కట్టుకుని కూర్చోవడమే. మసి మీద పడిన కాలి గుర్తు కూడా వాళ్లకి సాక్ష్యం.

లోపలికి పోయాక కాసేపు దేన్నీ ముట్టుకోను. చుట్టూ చూస్తే మంట ఎంత వేడెక్కిందో సామానే చెబుతుంది. అల్యూమినియం గిన్నె కరిగి ముద్దయిందంటే అక్కడ వేడి 660 డిగ్రీలు దాటింది. ఇనుప దూలానికి 550 డిగ్రీల దగ్గరే బలం సగానికి పడిపోతుంది. కాబట్టి ఆ గిన్నె కనిపించిన గదిలో పైనున్న ఇనుప దూలాన్ని నమ్మను. అంత వేడికి 20 అడుగుల దూలం ఇంచున్నర పైనే సాగుతుంది. సాగి గోడని బయటికి తోస్తుంది. చల్లారాక అది వెనక్కి వస్తుంది గాని గోడ రాదు. కాంక్రీటు 300 డిగ్రీలు దాటితే చాలాసార్లు లేత గులాబీ రంగుకి తిరుగుతుంది, పెచ్చులు ఊడి కడ్డీలు కనిపిస్తాయి. ఆస్బెస్టాస్ రేకులు మంటలోనే టపటపా పేలిపోతాయి; పేలని ముక్కలు పైన వేలాడుతుంటాయి. వాటి పొడి ఊపిరితిత్తులకి చేటు, అందుకే నీళ్లు చల్లి, ముక్కుకి ముసుగు కట్టుకుని మరీ దించాలి.

చూడ్డానికి భయంకరంగా నల్లబడేది కర్ర. కాని అన్నిటికంటే నిజాయితీగా నిలబడేదీ అదే. సాల, టేకు వంటి గట్టి కర్ర నిమిషానికి దాదాపు అర మిల్లీమీటరు చొప్పున బొగ్గవుతుంది. పై బొగ్గే లోపలి చేవకి కవచం. అరగంట మంటలో ఉన్న పెద్ద దూలం పక్కకి ఒకటిన్నర సెంటీమీటరు పోగొట్టుకుని, మిగిలిన దాంతో బరువు మోస్తూనే ఉంటుంది. చూడాల్సింది గోడలో దిగిన దాని కొన. అక్కడ సందులో నిప్పు దాగుంటుంది. ఉలి పెట్టి పొడిస్తే చేవ తగలాలి. తగలకపోతే ఆ కొన కింద జాకీ నిలబెట్టాకే రెండో అడుగు.

పాత బరంపురం వీధుల్లో ఇళ్లు సన్నగా, పొడుగ్గా, ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. రెండిళ్ల మధ్య గోడ ఒకటే. ఒక ఇంటి దూలాలు కాలి పడితే ఆ ఉమ్మడి గోడకి ఒక పక్క ఊతం పోతుంది. రెండో పక్క నుంచి పొరుగింటి కప్పు తోస్తూనే ఉంటుంది. అందుకని కాలని ఇంట్లోకి కూడా వెళ్లి గోడ చూస్తాను. "మా ఇల్లు కాలలేదు కద నాయనా, నీకిక్కడేటి పని?" అని ఒక పెద్దావిడ గుమ్మంలోనే ఆపేసింది. "అమ్మా, మీ గోడకి అవతల ఇప్పుడు ఏమీ లేదు. ఒక్కసారి గుండు వదిలి చూసి పోతాను" అన్నాను. తాడుకి కట్టిన గుండు గోడకి పైన ఆనుకుని కింద దూరమైతే గోడ వాలిందన్నమాట. అప్పుడు సరుగుడు బాదులు ఏటవాలుగా తన్ని పెట్టాలి. మన సముద్రపొడ్డున సరుగుడు తోటలకి కొదవలేదు. నిటారుగా పెరుగుతుంది, చవక, నిలువు బరువుకి తిరుగులేదు.

ఇక మూయడం. సగటు పనివాడు చేసేది ఒకటే: చేతికందిన రేకు తెచ్చి, కిటికీ చట్రానికి పెద్ద మేకులు దించేయడం. పట్టుచీరకి నేతగాడు గుండుసూది గుచ్చనివ్వడు. మంటని తట్టుకుని నిలబడిన పాత టేకు ద్వారబంధానికి మేకు దించడం నాకు అలాంటిదే. నేను చేసే పద్ధతిలో గోడకి చిల్లు పడదు, చట్రానికి దెబ్బ తగలదు. కిటికీ ఖాళీకి లోపలి పక్క అడ్డంగా రెండు గట్టి కర్రలు పెడతాను. ఒక్కోటి ఖాళీ కంటే అటూ ఇటూ అర అడుగు ఎక్కువ. బయటి పక్క ప్లైవుడ్డు. ప్లై లోంచి, ఊచల సందుల్లోంచి, లోపలి కర్ర దాకా పొడుగాటి బోల్టులు. బోల్టు గుండ్రటి తల బయటికి, వాషరూ నట్టూ లోపలికి. నట్టు బిగిస్తే బల్ల, కర్ర కలిసి గోడని రెండు పక్కలా పట్టుకుంటాయి. బయట నిలబడ్డవాడికి స్పానరు పట్టే చోటే దొరకదు. విప్పాల్సినప్పుడు లోపలికెళ్లి నట్టు తిప్పితే పావుగంటలో బల్ల చేతికొస్తుంది.

ప్లై అంటే అలమరాలకి వేసేది కాదు. సెంట్రింగుకి వాడే, ఐఎస్ 4990 ముద్ర ఉన్న షట్టరింగు ప్లై, 12 మిల్లీమీటర్ల మందం, 8 అడుగులకి 4 అడుగులు. దాని పై పొర నీళ్లు పీల్చదు. కోసిన అంచులకి మాత్రం రంగు పూయాలి. గోపాలపురం సముద్రం ఇక్కడికి దగ్గరే, ఉప్పుగాలికి మామూలు బోల్టు తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. జింకు పూత ఉన్నవే వాడాలి. పని అయిపోయాక ఆ ప్లైని మళ్లీ కొనేవాళ్లుంటారు కాబట్టి యజమానికి పెట్టుబడి మొత్తం పోదు.

రేకులు ఎందుకు వద్దంటానో గంజాం వాళ్లకి చెప్పనక్కర్లేదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. గంటకి 200 కిలోమీటర్ల గాలి. ఆ రాత్రి వీధుల్లో ఎగిరిన రేకులు కత్తుల్లా పనిచేశాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస పక్కన తీరం దాటి, ఇటు గంజాం, గజపతి జిల్లాల్నీ ముంచింది. వేసవిలో కాలిన కొట్టు బీమా తేలి, మళ్లీ కట్టేసరికి అక్టోబరు వస్తుంది. నాలుగు వారాలకని వేసిన మూత నాలుగు నెలల గాలీవానా ఓర్చుకోవాలి. ఆ లెక్కతోనే బోల్టుల సంఖ్య వేసుకోవాలి.

మూత అంటే ఊపిరాడకుండా కట్టేయడం కాదు. మంటకి రెండింతల నష్టం ఒక్కోసారి ఆర్పిన నీళ్లు చేస్తాయి. సున్నపు గోడలు తాగిన నీరు నెలల తరబడి బయటికి వస్తుంది. కరెంటు తీగల ప్లాస్టిక్ కాలితే వచ్చే పొగలో ఆమ్లం ఉంటుంది. తేమతో కలిసి కుట్టు మిషన్లనీ, త్రాసుల్నీ, మోటార్లనీ తినేస్తుంది. అందుకని ప్రతి బల్లకి పైనా కిందా చిన్న రంధ్రాలు చేసి, వెనక ఇనుప జాలీ బిగిస్తాను. వాన కొట్టకుండా పైన చిన్న చూరు. కప్పు పోయిన చోట టార్పాలిన్ పరిస్తే నీళ్లు నిలిచి కుండలా దిగుతుంది. ముందు వెదుళ్లతో వాలు కట్టి, దాని మీద పరిచి, అంచులు గోడకి అవతల దాకా లాగి కట్టాలి.

లోపలికి దారి ఒకటే ఉండాలి. బల్లతోనే చేసిన తలుపు, లోపలి వైపు బందులు, ఒక బేడెం, ఒక తాళం. యజమాని, పోలీసు, బీమా సర్వేయరు, ఇంజనీరు అందరూ ఆ ఒక్క తలుపులోంచే పోయి రావాలి. దారులు రెండయితే ఏది ఎప్పుడు పోయిందో ఎవరూ చెప్పలేరు. వీధి వైపు ఏదీ పొడుచుకు రాకూడదు. రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి జాతర వస్తుంది. పాత బస్తీ వీధుల్లో రాత్రంతా జనమే, వేషాలే. ఆ ఒత్తిడి అంతా దారి పక్కనున్న బల్లల మీద పడుతుంది. అప్పుడు లోపలి నుంచి అదనంగా ఊతకర్రలు పెట్టాలి.

కొట్టుని బట్టి మూతా మారుతుంది. నగల కొట్టు కాలితే బూడిదే ఆస్తి. వెండి 961 డిగ్రీలకి, బంగారం 1064 డిగ్రీలకి కరుగుతాయి. కరిగినా ఎక్కడికీ పోవు, గుండ్లుగా బూడిదలో ఉంటాయి. అక్కడ నేను గడప కింద సందు కూడా ఇసుక బస్తాలతో మూసి, లోపల అడుగు పెట్టడానికి ఒక బల్లదారి వేస్తాను. తుక్కు ఒక్క తట్ట కూడా బయటికి పోనివ్వను. పట్టుచీరల కొట్టులో దీనికి తలకిందులైన పని. 2012లో జీఐ గుర్తింపు వచ్చిన బరంపురం పట్టుకి మంట తగలకపోయినా పొగ వాసన, తడి పడతాయి. ముందు సర్వేయరు చూసి రాసుకోవాలి, వెంటనే సరుకు గాలికి తీయాలి. అక్కడ మూత త్వరగా విప్పేలా ఉండడమే ముఖ్యం.

సముద్రం వార ఊళ్లలో మూయడానికి ఏమీ మిగలదు. తెలుగు మాట్లాడే చేపలవేట కుటుంబాల తాటాకిళ్లు ఎండాకాలపు గాలికి ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటే, వలలూ తెప్పలూ సహా బూడిదే. ప్రభుత్వం ఇచ్చే పాలిథిన్ పట్టాలకి సరుగుడు గుంజలు పాతి నీడ చేయడం వరకే నా చేతిలో ఉన్నది. ఫైలిన్ తర్వాత తీరం వెంట పక్కా ఇళ్లు లేచాక కొంత నయం.

బీమా గురించి నాకు తెలిసినంత. మిగిలిన ఆస్తి ఇంకా చెడకుండా చూసుకోవడం పాలసీదారు బాధ్యతే అని ఫైర్ పాలసీలు చెబుతాయి. మూయకుండా వదిలేస్తే, వానకి పాడైన సరుకు లెక్క దగ్గర పేచీ వస్తుంది. మరీ శుభ్రంగా మూద్దామని ఊడ్చేసినా పేచీయే. ఒక వ్యాపారి నేను వెళ్లేసరికే కాలిన సరుకంతా మంచి మనసుతో ట్రాక్టరుకెత్తించేశాడు. ఏ రాక్ ఎక్కడుందో, ఎంత సరుకుందో చూపడానికి ఆయన దగ్గర నేల తప్ప ఏమీ మిగల్లేదు. నేను బల్ల బిగించే ముందు ప్రతి కిటికీనీ, ప్రతి గదినీ నాలుగు మూలల నుంచి ఫోటో తీస్తాను; బల్లకి అంకె వేసి, అదే అంకె కాగితం మీద రాసి యజమానికిస్తాను. నా కూలీ, కర్ర, బోల్టులు విడివిడిగా బిల్లు రాసిస్తాను. ఒక్క రూపాయి ఎక్కువ రాయమంటే రాయను.

మంచి మూత గట్టిదనం వల్ల మంచిది కాదు. విప్పిన రోజున, మూసిన రోజు ఎలా ఉందో అలాగే దొరికితేనే అది మంచి మూత. ఇంటినిండా మేకులు దించి, తేమ బిగించి, సాక్ష్యం ఊడ్చేసి వేసిన తాళం ఎంత పెద్దదైనా దండగే.

మీ ఇంటికీ కొట్టుకీ ఆ అవసరం రాకూడదనే కోరుకుంటాను. వస్తే 101కో 112కో ఫోను చేయండి, మంట ఆరాక కరెంటు స్తంభం దగ్గర విడదీయించండి, ఊడ్చకండి, ఫోటోలు తీయండి, పొద్దు వాలకముందే వడ్రంగిని పిలవండి. అతను కొలతలు తీస్తుండగా ఒక్క ప్రశ్న అడగండి: "దీన్ని మళ్లీ ఎలా విప్పుతావు?" జవాబు చెప్పలేని మేస్త్రీకి ఆ పని ఇవ్వకండి.