అప్పగింతల పాట

ఈ సంచికకు వ్యాకరణముపై నొక వ్యాసము వ్రాసి యిత్తునని సంపాదకవర్గమునకు మాట యిచ్చితిని. ఆ మాట తప్పుచున్నందుకు మన్నింపగోరుచున్నాను. గడచిన మాఘమాసమున నా చేత జరిగిన పొరపాటొకటి మనస్సును వదలకున్నది. పిల్లల తప్పులను ఎఱ్ఱసిరాతో దిద్దువాడు తన తప్పును గూర్చి యొకమారైనను వ్రాయుట న్యాయమే గదా!

మన పాఠశాలలో పదునైదేండ్ల క్రిందట చదివిన శిష్యుడొకడు ఖమ్మము పట్టణమున వివాహముల చిత్రీకరణము వృత్తిగా జేసికొని యున్నాడు. లెక్కలలో అతనికి వచ్చిన మార్కులను నేనిక్కడ చెప్పను. కాని సెకండుకు ఎన్ని ఫ్రేములు, ఒక్కొక్క ఫ్రేమునకు ఎంత వెలుతురు అని అతడు నేడు నోటిలెక్కగా చెప్పుచుండగా విని విస్తుపోయితిని. ఒక పెండ్లికి రెండు దినముల ముందు అతని సహాయకులలో నొకడు జ్వరపడెను. శబ్దమును చూచుకొనుటకు మనిషి లేడు. “సార్, మీరు చెవి పెట్టుకొని కూర్చుంటే చాలు, మిగతాది నేను చూసుకుంటాను” అని నన్ను బ్రతిమాలెను. కాదనలేకపోయితిని.

వధూవరులు విదేశమున ఉద్యోగములు చేయుచున్నవారు. స్వగృహమున గాక తాము కోరిన యూరికి బంధువుల నందఱను రప్పించి చేసికొను ఇట్టి వివాహమును ఇప్పుడు డెస్టినేషన్ వెడ్డింగ్ అనుచున్నారు. రాజస్థానపు కోటలును, గోవా సముద్రతీరమును ఇందుకు పేరుపొందినవి. వీరు భద్రాచలమును కోరుకొనిరి. పేరు క్రొత్తదే కాని పద్ధతి మనకు క్రొత్తది కాదు. భద్రాద్రిలో పెండ్లి చేసెదమని మ్రొక్కుకొని వచ్చువారు ఏనాటినుండియో కలరు. చైత్రశుద్ధ నవమినాటి సీతారామ కల్యాణమునకు జనము ఎక్కడెక్కడినుండియో తరలివత్తురు. బాపుగారి ‘అందాల రాముడు’ (1973) ఆ కల్యాణము చూచుటకై గోదావరిపై లాంచీలో పోవువారి కథ. శేఖర్ కమ్ములగారి ‘గోదావరి’ (2006)లో బంధుజనమంతయు పడవనెక్కి పోవునది భద్రాచలమున జరుగు పెండ్లికే. మన వరుడు ఈ రెండవ చిత్రమును పెక్కుమారులు చూచినవాడట. తన వీడియోయు అట్లే యుండవలెనని ఆయన కోరిక.

వధువు కారణము వేఱు. ఆమె అమ్మమ్మకు ఎనుబదియేండ్లు దాటినవి, దూరప్రయాణము చేయజాలదు. ఆమెది గోదావరి యొడ్డున నొక పల్లె. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద నది 75.6 అడుగుల మట్టమునకు పొంగినప్పుడు వారి యిల్లు మునిగెను. పెట్టెలోనున్న ఆమె పెండ్లిఫోటో, ఉన్నది ఒక్కటే, నీటిపాలయ్యెను. 2022 జూలైలో నది మరల 71.3 అడుగులకు వచ్చినప్పుడు ఇంటివారు ఆమెకంటె ముందు ఫోటోలను గట్టుకు చేర్చిరని ఆమెయే నవ్వుచు నాతో చెప్పెను.

ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా సుమారు 120 కిలోమీటర్లు కారులో పోయితిమి. రైలున వచ్చిన చుట్టములు కొందఱు భద్రాచలం రోడ్ అను స్టేషనులో దిగి, అది కొత్తగూడెమనియు భద్రాచలమింకను నలువది కిలోమీటర్లనియు తెలిసి కళవళపడిరి. ఇది ప్రతి పెండ్లిలోను జరుగుచుండునట!

పెండ్లి నదికెదురుగా నొక తోటలో జరిగెను. కెమెరాలు మూడు. ఒకటి నా శిష్యుని చేతిలో, ఒకటి రెండవ సహాయకుని చేతిలో, మూడవది మండపమున కెదురుగా ముక్కాలిపీటపై కదలక, ఆగక. మన దేశమున విద్యుత్తు సెకండునకు 50 ఆవృత్తులు గలది. అందుచే కెమెరా కన్ను తెఱచుకొను కాలమును సెకండులో 50వ వంతుగానో 100వ వంతుగానో ఉంచవలెను. లేనిచో మండపపు దీపములు తెరపై మినుకుమినుకుమనును. డ్రోను ఎగురవేయుటకు ముందు, 2021 నాటి నియమముల ప్రకారము, ఆ చోటు పటములో ఆకుపచ్చ, పసుపు, ఎఱుపు మండలములలో దేనియందున్నదో చూచుకొనవలెను. డ్రోనువలన ఇసుకతిన్నెలు అందముగానే వచ్చినవి. అది పైనున్నంతసేపు పురోహితుని మంత్రము మాత్రము ఎవ్వరికిని వినబడలేదు.

నేను చూచిన పెండ్లిండ్లలో పెక్కు దేవాలయములో పాదిరిగారి యెదుట జరిగినవి. అక్కడ కెమెరా ఎంతవఱకు రావచ్చునో ఆయన ముందే చెప్పును. ఇక్కడ చెప్పువారు లేరు, ముహూర్తమొక్కటే హద్దు. తెర తొలగి వధూవరులు ఒకరి తలపై నొకరు జీలకఱ్ఱ బెల్లము నుంచు క్షణము కెమెరాకొఱకు ఆగదు. కొన్నిచోట్ల ఫోటోవారు మంగళసూత్రమును మరల పట్టుకొనుమని వరుని అడుగుట చూచితిని. నా శిష్యుడు అడుగలేదు. అతనిని చూచి గర్వపడితిని.

ప్రొద్దుక్రుంకు వేళ అప్పగింతలు. అతడు కెమెరాను సెకండునకు 100 ఫ్రేములకు మార్చెను. వాటిని సెకండునకు 25 చొప్పున చూపినచో కదలిక నాలుగురెట్లు మందమగును. “ఈ పద్ధతిలో నా కెమెరాకు చెవులుండవు సార్, శబ్దం మీదే” అని చెప్పి ముందుకు పోయెను. నేను రికార్డరు మీట నొక్కితిని. ఎఱ్ఱదీపము వెలిగెను.

వధువు అమ్మమ్మ కాళ్లకు మ్రొక్కెను. ఆ వృద్ధురాలు మనుమరాలి గడ్డము పట్టుకొని సన్నని గొంతుతో అప్పగింతల పాట యొకటి యెత్తుకొనెను. నేను ఇరువదియేండ్లుగా తెలుగు చెప్పుచున్నవాడను. ఆ పాట ఏ సంపుటములోను చూడలేదు. చుట్టునున్నవారు మౌనము వహించిరి. తోట కావల సన్నాయివారు మాత్రము వాయించుచునే యుండిరి. నేను పాటను వినుచు నిలిచితిని, చేతిలోని యంత్రమును చూడలేదు.

ఆ రికార్డరు మీటను రెండుమార్లు నొక్కవలెను. మొదటిమారు నొక్కిన సిద్ధమై దీపము మినుకుమినుకుమనును. రెండవమారు నొక్కిన పని మొదలిడి దీపము నిలుకడగా వెలుగును. ఉదయము అతడు ఈ సంగతి నాకు చెప్పియే యుండెను. ఉదయము సరిగానే నొక్కితిని కూడ.

రాత్రి బసలో కార్డులలోనిదంతయు రెండు హార్డుడిస్కులలోనికి ఎక్కించునప్పుడు తేలినది. అతడు కొంచెముసేపు తెరవంకే చూచి, “పోనీండి సార్” అనెను. తిట్టినను బాగుండెడిది.

తరువాత వరుడు కోరిన నాలుగు నిమిషముల చిత్రము సిద్ధమయ్యెను. తిన్నెలు, పడవ, తలంబ్రాలు, పైన సంగీతము. అందులో అమ్మమ్మ ఆఱు సెకండ్లు కనబడును. పెదవులు మెల్లమెల్లగా కదలును. అందఱును మెచ్చుకొనిరి. పాట ఏదియని ఎవ్వరును అడుగలేదు, నేనును చెప్పలేదు. ఇట్టి చిత్రములలో మొదట బలియగునది శబ్దమే యని నాకు తోచును. మా తండ్రిగారి తరమువారు భద్రాద్రి కల్యాణమును ఆకాశవాణిలో ఉషశ్రీగారి వ్యాఖ్యానముతోనే తిలకించిరి. తలంబ్రాల రంగు చూడలేదని వారిలో ఎవ్వరును చింతింపలేదు.

ఆషాఢమాసమున అమ్మమ్మ కాలముచేసెను. పదునైదు దినములకు వధువు తల్లి నాకు ఫోను చేసి, “మాస్టారూ, ఆ రోజు మా అమ్మ పాడింది కదా, అది మీ దగ్గర ఉంటుందా?” అని అడిగెను. తప్పు నాదనియు, ఆ పిల్లవానిది కాదనియు చెప్పితిని. ఆమె ఎంతోసేపు పలుకలేదు. పిదప “సరేనండి” అని పెట్టివేసెను.

అదృష్టవశమున నా శిష్యుడు డిస్కులను చెఱిపివేయలేదు. కదలక నిలిచిన మూడవ కెమెరా అప్పుడును పనిచేయుచునే యుండెను. అది నలువది యడుగుల దూరమున నున్నది. దాని సొంత మైకు చిన్నది. ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట అతని దుకాణములో కూర్చుంటిమి. దూరపు కెమెరాలో నున్నదంతయు సన్నాయి, డోలు. వానిక్రింద ఎక్కడనో ఒక గొంతు. ఏ చోట ఏ మాటయో తెలిసిననేగాని చెవి పట్టుకొనలేదు.

అప్పుడు మందగతి చిత్రమును నాలుగురెట్లు వేగముగా నడిపించితిమి. పెదవులు సహజముగా కదలినవి. ప, ఫ, బ, భ, మ అను ఓష్ఠ్యములు పెదవులు కలియక పలుకరావు. తొమ్మిదవ తరగతికి ఏటేట చెప్పు పాఠమే! పెదవులు మూసికొన్న ఫ్రేముల నన్నిటిని నేను కాగితముపై గుర్తించితిని. అతడు ఆ గుర్తులను దూరపు శబ్దముపై ముందునకును వెనుకకును జరుపుచు వచ్చెను. ఒక ఫ్రేమనగా సెకండులో 25వ వంతు. సాయంకాలమునకు రెండును ఒకచోట కలిసినవి.

సన్నాయివాడు నీరు త్రాగుటకు ఆగిన పదునొకండు సెకండ్లు మాత్రము ఆమె గొంతు స్పష్టముగా వినబడెను. అందును ఎవరిదో బిడ్డ యేడ్పు కలిసియున్నది. చప్పుడు తీసివేయు ఉపకరణమును వాడి చూచితిమి. గొంతు కుండలోనుండి వచ్చినట్లయ్యెను. బిడ్డ యేడ్పుతోడనే ఉంచితిమి.

దానిని వధువు తల్లికి పంపితిని. నేను విన్నది ‘అమ్మ’ అని వ్రాసితిని. అది ‘బొమ్మ’ అని ఆమె దిద్దెను. ఆ ముక్క వినగానే తనకు మిగిలినది గుర్తు వచ్చినదని రెండు చరణములు కాగితముపై వ్రాసి ఫోటో తీసి పంపినది. మూడవ చరణము మొదలు తెలియుటలేదట. శబ్దము లేని ఆ చిత్రములో పెదవులను బట్టి చెప్పగలరా యని అడిగినది.

మరుసటి యాదివారము మేమిద్దఱము మరల కూర్చుంటిమి. మూడవ చరణమున మొదటి మాటలో పెదవులు రెండుమార్లు కలియుచున్నవి. ఆ నడుమ నేమున్నదో యింకను తేలలేదు.