పాత మజ్మూన్లు, కొత్త తారీఖులు

రంజాన్ దగ్గరపడుతుందంటే నా పాత రాతలన్నీ ఒకసారి ముందేసుకుంటాను. యాదులు, కథలు ముట్టుకోను. నానీమా షీర్ ఖుర్మా గురించి రాసిందాంట్లో ఒక్క మాట దిద్దినా ఆమె గొంతు పోతుంది. హిసాబులు, కానూన్లు ఉన్నవాటితోనే పని.

జకాత్‌దే చూడండి. నిసాబ్ వెండి యాభై రెండున్నర తులాలు, అంటే 612.36 గ్రాములు. బంగారమైతే ఏడున్నర తులాలు, 87.48 గ్రాములు. ఇవి మారవు, మారేది ధర. మా గల్లీలో ఒక బేవా ఖాలా ఎప్పటిదో కరపత్రంలో రూపాయల లెక్క చూసి, "నేను సాహిబె నిసాబ్‌ని బేటా, జకాత్ తీసుకోకూడదు" అని రెండేళ్లు వద్దంది. వెండి పెరిగిన సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. ఆమె హక్కు ఆ పాత కాగితంలో ఇరుక్కుపోయింది. అందుకే నా మజ్మూన్‌లో రూపాయలు తీసేసి, "612.36ని ఆ రోజు గ్రాము వెండి ధరతో గుణించుకోండి" అని రాశాను.

హజ్ సబ్సిడీ మీద రాసింది అట్లాగే ఉంచి, పైన ఒక ముక్క చేర్చాను: అది 2018లోనే ఆగిపోయింది. ఇంకా దాని పేరుతో మనకి తానాలు కొట్టేవాళ్లున్నారు మరి!

ట్రిపుల్ తలాక్ మజ్మూన్ 2017 సుప్రీంకోర్టు తీర్పుకి ముందుది. తారీఖు వేసి, కింద 2019 కానూన్ గురించి నాలుగు వాక్యాలు కలిపాను. ఆ బహస్‌లో మా ఇంటి ఆడవాళ్లు అన్న మాటలు మాత్రం ఒక్కటీ కొట్టెయ్యలేదు.