కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల నుంచి మూడు లేఖలు

మొదటి లేఖ: కూపర్టినో



కమ్యూనిటీ కాలేజీ అంటే అమెరికాలో ప్రజాధనంతో నడిచే రెండేళ్ల కళాశాల. ఈ తరహా చదువుకు 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో పునాది పడింది. కాలిఫోర్నియాలో ఇప్పుడు ఇలాంటివి 116 ఉన్నాయి. ప్రవేశ పరీక్ష లేదు. హైస్కూలు పూర్తిచేసినవారు ఏ వయసులోనైనా చేరవచ్చు. రుసుము రాష్ట్రవాసులకు, కోర్సు పరిమాణాన్ని కొలిచే ఒక్కో యూనిట్‌కు 46 డాలర్లు. విద్యార్థి వీసాపై వచ్చేవారికి అంతకు ఎన్నో రెట్లు.

తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే కూపర్టినోలో డి ఆంజా కాలేజీ 1967లో మొదలైంది. అక్కడ కమ్యూనికేషన్ చదువులో తొలి మెట్టు నలుగురిలో మాట్లాడటం. విద్యార్థులు విషయం ఎంచుకుని, ఆధారాలు వెతికి, తరగతి ముందు నిలబడి ప్రసంగిస్తారు. వాదప్రతివాదాలు, బృంద చర్చ, భిన్న సంస్కృతులవారితో మాటామంతీ ఆ తర్వాతి పాఠాలు. ఇక్కడ చదివాక కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీకి మారదలచినవారికి ప్రసంగ కోర్సు తప్పనిసరి. అందుకే జీవశాస్త్రం, వాణిజ్యం చదివేవారూ ఈ తరగతిలో కనిపిస్తారు.

రెండో లేఖ: లాస్ ఆల్టోస్ హిల్స్

ఫుట్‌హిల్ కాలేజీలో చదువు రేడియో తరంగాలెక్కుతుంది. 1959లో మొదలైన ఇక్కడి కేఎఫ్‌జేసీ రేడియో 89.7 ఎఫ్‌ఎంలో వినిపిస్తుంది. విద్యార్థులు, ఊరివారు కలిసి స్వచ్ఛందంగా నడుపుతారు. పాటల ఎంపికతోపాటు ప్రసార నియమాలూ నేర్చుకోవాలి. గంటగంటకూ స్టేషన్ పేరు, ఊరు చెప్పాలి. ఇది వాణిజ్యేతర కేంద్రం కాబట్టి సాయం చేసిన సంస్థ పేరు చెప్పవచ్చు; దాని సరుకు కొనమని మాత్రం చెప్పకూడదు. నిజమైన శ్రోతలు వింటున్నారన్న ఎరుక కలిగించే శ్రద్ధను ఏ పాఠ్యపుస్తకమూ ఇవ్వలేదు.

మూడో లేఖ: శాంటా మోనికా

శాంటా మోనికా కాలేజీ పేరిట లైసెన్సున్న కేసీఆర్‌డబ్ల్యూ రేడియో 1945లో, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు ప్రసార విద్య నేర్పడానికి పుట్టింది. నేడది వృత్తి నిపుణులు నడిపే పెద్ద ప్రజా రేడియో. పత్రికారచన నేర్చేవారికి 'ది కోర్సెయిర్' అనే విద్యార్థి పత్రిక ఉంది. వార్త తెచ్చేదీ, దిద్దేదీ, శీర్షిక పెట్టేదీ విద్యార్థులే, అధ్యాపకులు సలహాదారులు. పరువునష్టం, అశ్లీలత, హింసకు ప్రేరణ వంటివి మినహాయిస్తే, కళాశాల విద్యార్థుల భావప్రకటనకు రాష్ట్ర విద్యాచట్టం రక్షణ ఇస్తుంది. కాలేజీ పాలకులను ప్రశ్నించే వార్త రాయడానికి ఆ రక్షణే అండ.

ఈ రెండేళ్ల చదువు తర్వాతి దారిని 2010 నాటి రాష్ట్ర చట్టం చూపింది. కమ్యూనికేషన్ లేదా జర్నలిజంలో 60 సెమిస్టర్ యూనిట్ల బదిలీ డిగ్రీ పొందినవారికి కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో చోటు ఖాయం. మరో 60 యూనిట్లతో బ్యాచిలర్ డిగ్రీ చేతికొస్తుంది. అయితే హామీ విశ్వవిద్యాలయ వ్యవస్థకే గాని కోరుకున్న ప్రాంగణానికి కాదు. అందువల్ల మొదటి టర్ములోనే కౌన్సెలర్‌ను కలిసి కోర్సుల వరుస నిర్ణయించుకోవడం మేలు.