బత్తీసీ పోయిన ఇంట్లో

హైదరాబాద్ కార్వాన్ గల్లీల్లో కట్టుడు పళ్లను కొందరు సెట్టు అంటారు, కొందరు బత్తీసీ అంటారు. డెబ్భై ఎనభై ఏళ్ల అమ్మదో నాన్నదో ఆ సెట్టు కనబడకుండా పోతే ముందు ఇల్లంతా గాలిస్తారు. దిండు గలీబులు దులుపుతారు, చెత్తబుట్ట తిరగేస్తారు. వెతకడం ఆగిపోయాక లెక్కలు మొదలవుతాయి. కొత్తది చేయించాలా, వద్దా? చాలా ఇళ్లలో తీర్పు ఆ పెద్దమనిషి నోటి నుంచే వస్తుంది: ‘‘ఇగ నాకెందుకు బిడ్డా, ఇంకెన్నొద్దులుంట.’’ ఆ మాట పిల్లలకు బాధగానే ఉంటుంది, లోపల కొంచెం తేలిగ్గానూ ఉంటుంది. మెత్తగా వండి పెడుతున్నాం, తింటూనే ఉంది కదా అని సర్దుకుంటారు. ఇక్కడే దారి తప్పుతున్నామని నా వాదన. తింటోందా లేదా అన్నది ఈ విషయంలో చిన్న ప్రశ్న. నలుగురిలో కూర్చుని తింటోందా, నలుగురితో మాట్లాడుతోందా అన్నదే పెద్ద ప్రశ్న. కొత్త సెట్టు సంగతి తేల్చాల్సింది దాన్నిబట్టే. వయసునుబట్టి కాదు, ఒక్క తిండినిబట్టీ కాదు.

ముందు తిండి సంగతే చూద్దాం, ఎందుకంటే ఆ వాదనకు మనం అనుకున్నంత బలం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం ప్రపంచంలో అరవై దాటినవాళ్లలో దాదాపు 23 శాతం మందికి నోట్లో ఒక్క పన్నూ లేదు. గట్టిపడ్డ చిగుళ్లతోనే ఏళ్లకేళ్లు అన్నం తినేవాళ్లు ప్రతి బస్తీలో కనిపిస్తారు. కట్టుడు పళ్లు సొంత పళ్లకు సాటి కావు కూడా. పైనా కిందా పూర్తి సెట్టు పెట్టుకున్నా నమిలే శక్తి సొంత పళ్లతో పోలిస్తే పావు వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. కొత్త సెట్టు పెట్టినంత మాత్రాన పోషణ పెద్దగా మెరుగుపడదనీ, ఏం తినాలో పక్కన కూర్చుని చెప్పినప్పుడే తేడా కనిపిస్తుందనీ పరిశోధనలు చెబుతున్నాయి. చాయ్‌లో ముంచిన రస్కుకు అలవాటైన నోరు, పళ్లు రాగానే జామకాయ అడగదు. ఇదంతా ఒప్పుకోవాల్సిందే. కానీ ‘తింటూనే ఉంది’ అన్న మాట ఏం తింటోందో చెప్పదు. మాంసం, పల్లీలు, పచ్చి కూరగాయలు ఒక్కొక్కటే పక్కకు పోయి, ఆ చోటును అన్నం, రస్కు, బ్రెడ్డు ఆక్రమిస్తాయి. షుగరున్న మనిషికి ఇది చిన్న మార్పు కాదు. తిండి కోసం పళ్లు అక్కర్లేదని నేననడం లేదు. తిండి ఒక్కటే చూస్తే పిల్లలు ‘వద్దులే’ అనేయడం చాలా సులువని అంటున్నాను.

మాట విషయంలో అంత సులువు కాదు. త, థ, ద, ధ, న, ల, స లను మన వ్యాకరణం దంత్యాలంది. నాలుక కొస పైపళ్ల దగ్గర తాకితే పుట్టే ధ్వనులవి. ఉర్దూ మాటల్లోని ఫ పలకాలంటే పైపళ్లు కింది పెదవిని తాకాలి. కార్వాన్ రెండు మూడు భాషలు కలగలిపి మాట్లాడే చోటు. 1671లో కట్టిన టోలీ మసీదులో నమాజు చదివే పెద్దాయనకు ఒక్కో అక్షరం దాని స్థానంలోనే పలకాలన్న పట్టింపు ఉంటుంది. గుడిమల్కాపూర్ ఝాంసింగ్ బాలాజీ గుడిలో విష్ణు సహస్రనామం చదివే పెద్దావిడకూ అంతే పట్టింపు. పళ్లు లేని నోట ఆ అక్షరాలు జారిపోతాయి. ఎదుటివాళ్లు ‘‘ఏందీ?’’ అని ఒకటి రెండు సార్లు అడుగుతారు, ఆ తర్వాత అర్థమైనట్టు తలూపుతారు. ఆ తలూపడాన్ని పెద్దవాళ్లు ఇట్టే పసిగడతారు. దానికి తోడు ముఖం. లోపలి ఆసరా పోయాక పెదవులు లోపలికి ముడుచుకుంటాయి, ముక్కూ గడ్డమూ దగ్గరవుతాయి. బోనాలకు చుట్టాలొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం, పెళ్లి పిలుపులకు మోకాళ్ల నొప్పులు సాకు చెప్పడం మొదలవుతుంది. మనిషి బయటికి రావడం మానేసిన సంగతి ఇంట్లోవాళ్లకు చాలా ఆలస్యంగా తెలుస్తుంది, ఎందుకంటే కంచం మాత్రం ఖాళీ అవుతూనే ఉంటుంది.

ఎనభై ఏళ్ల తండ్రి కళ్లజోడు పోతే కొత్తది కొనాలా అని ఏ ఇంట్లోనూ చర్చ జరగదు. పళ్ల దగ్గరకొచ్చేసరికి ఎందుకు జరుగుతుంది? ఖర్చొక్కటే కాదు, ఇంకో నిజమైన తేడా ఉంది. కళ్లజోడు పెట్టుకున్న నిమిషం నుంచే పనిచేస్తుంది. కట్టుడు పళ్లను నాలుకా బుగ్గలూ పట్టి నిలపడం నేర్చుకోవాలి. పాత సెట్టుతో ఏళ్ల తరబడి నేర్చుకున్న పట్టు, నోరు ఖాళీగా ఉన్నకొద్దీ సడలుతుంది. పన్ను పోయినచోట దవడ ఎముక అరుగుతూనే ఉంటుంది. పాతికేళ్లపాటు సెట్టు పెట్టుకున్నవాళ్లను గమనించి 1972లో ప్రచురించిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, కింది దవడ పైదానికన్నా దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ అరిగిందని తేలింది. అందుకే చాలామందిని బాధపెట్టేది కింది సెట్టే. మందుల వల్ల నోరు ఎండిపోయే వయసులో పట్టు ఇంకా తగ్గుతుంది, పైసెట్టు అంగిలికి అతుక్కోవడానికి ఉమ్మి కావాలి కనుక. ఇవన్నీ ‘వద్దు’ అనడానికి కారణాలుగా చెబుతుంటారు. నాకు మాత్రం ఇవి ‘ఆలస్యం వద్దు’ అనడానికే కారణాలుగా కనిపిస్తాయి. ‘చూద్దాంలే’ అంటూ ఏడాది గడిపితే ఆ చూద్దాంలేనే నిర్ణయమైపోతుంది. కింది సెట్టు నిలవదని డాక్టరు చెబితే పైసెట్టు ఒక్కటైనా చేయించవచ్చేమో అడగాలి. నమలడానికి అది చాలకపోవచ్చు గానీ, పెదవికీ మాటకూ అవసరమైన ఆసరా చాలావరకు పైసెట్టుదే.

ఖర్చు మాటకొస్తే, డబ్బుకన్నా బరువైనవి రాకపోకలు. కొలతలు రెండు సార్లు, దవడల పొందిక ఒకసారి, మైనం మీద పళ్లు పేర్చి సరిచూడటం ఒకసారి, పెట్టడం ఒకసారి. పద్ధతిగా చేస్తే ఐదు రాకలవుతాయి. ఆ తర్వాత ఒరుసుకునే చోట అరగదీయించడానికి మళ్లీ వెళ్లాలి. రోజు కూలీ మీద బతికే కొడుక్కి, దుకాణం మూస్తే ఆ పూట గిరాకీ పోయే కూతురికి, ఒక్కో రాకా ఒక్కో పూట సంపాదన. ఈ ఇబ్బందిని తక్కువ చేసి మాట్లాడకూడదు. కానీ కార్వాన్‌వాళ్లకు ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి అఫ్జల్‌గంజ్‌లోనే ఉంది, మూసీ వెంట తూర్పుకు కొద్ది మైళ్ల దూరం. పేద వృద్ధులకు చేతికర్ర, వినికిడి యంత్రం, చక్రాల కుర్చీతో పాటు కట్టుడు పళ్లనూ ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో నెల్లూరులో మొదలైంది. ఆ జాబితాను ఒకసారి ఆలోచించి చూడాలి. అందులో పళ్లు చక్రాల కుర్చీ పక్కన ఉన్నాయి, సోకుల పక్కన కాదు. పిల్లలు పెద్దలకు ఇవ్వాల్సిన పోషణలో వైద్యం కూడా భాగమని 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల సంక్షేమ చట్టం చెబుతోంది. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు ఒక్క పూటలో చేసిచ్చే చౌక పళ్ల జోలికి మాత్రం వెళ్లకూడదు. నోట్లోనే గట్టిపడే ప్లాస్టిక్కుతో మిగిలిన పళ్లకు అతికించేస్తారు. అవి తీయడానికి రావు, కింద చిగురు కుళ్లుతుంది. దంత వైద్యం చేయాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలని 1948 చట్టం పెట్టింది ఊరికే కాదు.

‘‘మళ్లీ పారేసుకుంటది’’ అన్నది తరచూ వినే ఇంకో అభ్యంతరం. సెట్టు ఎలా పోతుందో తెలిస్తే దీనికి సగం జవాబు దొరుకుతుంది. ఆసుపత్రిలో ఆపరేషన్‌కు ముందు తీసి కాగితంలో చుడితే చెత్తలోకి పోతుంది. తినేటప్పుడు ఒరుసుకుంటోందని తీసి కంచం పక్కన పెడితే ఎంగిలితో పాటు పోతుంది. ఒరుసుకోవడం మనిషి తప్పు కాదు, వదులైన సెట్టును సరిచేయించకపోవడం వల్ల వచ్చిన తిప్పలు. కొన్ని పళ్లకే కట్టిన చిన్న సెట్టయితే మింగే ప్రమాదమూ ఉంది; లోహం లేని అక్రిలిక్ ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు కాబట్టి అనుమానముంటే డాక్టరుకు ముందే చెప్పాలి. రాత్రి తీసి పెట్టడం తప్పనిసరి. జపాన్‌లో 85 ఏళ్లు దాటిన 524 మందిని గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, సెట్టుతోనే నిద్రపోయేవాళ్లకు నిమోనియా ముప్పు రెట్టింపుకు పైగా కనిపించింది. తీసిన సెట్టుకు ఎప్పుడూ ఒకే చోట ఉండే మూత డబ్బా, అందులో నీళ్లు ఉంటే చాలు. తయారుచేసేటప్పుడే గులాబీ రంగు అక్రిలిక్ లోపల పేరు రాసిన చీటీ పెట్టించవచ్చు. ఇంట్లో ఏ మూలనో అంతకుముందరి పాత సెట్టు పడి ఉంటే అదీ, నవ్వుతున్న పాత ఫొటో ఉంటే అదీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. పాత పొందికకు దగ్గరగా చేస్తే నోరు కొత్తదాన్ని తొందరగా పట్టుకుంటుంది.

ఇంత చెప్పినా, ప్రతి ఇంట్లోనూ చేయించి తీరాలని నేననను. పోకముందే ఆ సెట్టును డబ్బాలోంచి తీయడం మానేసిన మనిషి తన నిర్ణయం ఎప్పుడో చెప్పేసినట్టు. మతిమరుపు ముదిరి, నోట్లో పెట్టిందేమిటో తెలియక ఉమ్మేసేవాళ్లకు, మింగడమే కష్టమైనవాళ్లకు కొత్త సెట్టు మన తృప్తికే తప్ప వాళ్ల సుఖానికి కాదు. మిగిలినవాళ్లను మాత్రం అడగాలి, అదీ ఖర్చు మాట ముందు పెట్టకుండా. ‘‘కొత్తవి కావాలా?’’ అంటే తెలుగింట్లో పెద్దవాళ్లు వద్దనే అంటారు, పిల్లల జేబు తెలుసు కాబట్టి. ‘‘పోయినయి ఎప్పుడెప్పుడు పెట్టుకునేదానివమ్మా?’’ అని అడిగితే నిజం బయటికొస్తుంది. గుడికి పోయేటప్పుడని, పక్కింటావిడ వచ్చినప్పుడని, మనవరాలితో వీడియో కాల్ మాట్లాడేటప్పుడని చెబితే, చేయించమని చెప్పినట్టే.

వద్దని తేలిన ఇంట్లో కూడా ఒక పని మిగిలే ఉంటుంది. పళ్లు లేని మనిషికి విడిగా గిన్నె కలిపి, విడిగా, ముందుగానో వెనకగానో పెట్టే అలవాటు చాలా తొందరగా స్థిరపడుతుంది. మన వంటల్లో అందరూ కలిసి తినదగ్గ మెత్తనివి తక్కువేం లేవు. ఖిచిడీ, దాల్చా, జొన్నగటక, మెత్తగా ఉడికిన మాంసంతో హలీం, పాయా ఉన్నాయి. ఇంటికి వండినదాన్నే ఆమె గిన్నెలోకి ఇంకొంచెం మెదిపి, అందరూ కూర్చున్నప్పుడే పక్కన కూర్చోబెట్టి పెట్టాలి. ఆమె నెమ్మదిగా తినేదాకా ఎవరో ఒకరు లేవకుండా ఉండాలి.