పంపకములలో మరచిన ఆటలు



మా ఉద్దానపు సీమలో అన్నదమ్ములు వేరుపడునపుడు జీడితోట యెవరిదో, కొబ్బరిచెట్లు ఎవరికెన్నియో, పెరటి నూతిలో ఎవరి వాటా యెంతయో పారీఖత్తు కాగితమున తప్పక వ్రాయబడును. ముసలి అత్తగారికి వేళకు గంజి కాచి యిచ్చువారెవరో మాత్రము వ్రాయబడదు. ధనము తెచ్చు వస్తువునకు లెక్క కలదు. ధనము తేని పనికి లెక్క లేదు. అయినను ఆ పని ఆగదు. ఎవతెయో యొక కోడలు దానిని తలకెత్తుకొనును. ఈ రీతి గృహములలోనే కాక విద్యాలయముల క్రీడలయందును కలదని యీ నడుమ నాకు తెలియవచ్చినది.

మా అక్కగారి కుమార్తె అమెరికాదేశమున కాలిఫోర్నియా రాష్ట్రములో ఒక విశ్వవిద్యాలయమున చదువుచు, అచ్చటి వాలీబాలు జట్టులో ఆడుచున్నది. 2024వ సంవత్సరమునుండి ఆ పిల్ల ఫోనులో ఆట సంగతులకంటె విమానముల సంగతులే యెక్కువగా చెప్పుచున్నది. “పిన్నీ! బుధవారము బయలుదేరి ఆదివారము రాత్రి తిరిగి వచ్చితిని. పరీక్షకు విమానములోనే చదువుకొంటిని” అని యొకనాడు చెప్పినది. వాలీబాలు ఆడుటకు అంతదూరము పోవుట యెందులకని అడిగితిని. ఆమె చెప్పినదియు, పిదప నేను చదివి తెలిసికొన్నదియు కలిపి యిచ్చట వ్రాయుచున్నాను.

ఆ దేశపు విశ్వవిద్యాలయములు కొన్ని కొన్ని కూటములుగా నేర్పడి తమలో తాము పోటీలు జరుపుకొనును. ఆ కూటములను కాన్ఫరెన్సులందురు. పూర్వము ఇవి చాలవరకు ఇరుగుపొరుగువారి కూటములే. దేశపు పడమటి భాగమున పండ్రెండు విశ్వవిద్యాలయములతో వెలసిన పాక్-12 అట్టిది. దాని మూలములు 1915 నాటివి. అయితే అమెరికా ఫుట్‌బాలు ఆటకు టెలివిజను సంస్థలిచ్చు ధనము అపారము. అందులో హెచ్చు వాటా కోరి 2024లో ఆ పండ్రెండింటిలో పది యా కూటమిని విడిచిపోయినవి. నాలుగు బిగ్ టెన్ అను కూటమిలోను, నాలుగు బిగ్ 12 అను దానిలోను చేరినవి. స్టాన్‌ఫర్డు, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము అను రెండును అట్లాంటిక్ కోస్టు కాన్ఫరెన్సున చేరినవి. పడమటి సముద్రపు టొడ్డున నున్నవారు తూర్పు సముద్రము పేరు పెట్టుకొన్న కూటమిలో చేరుట, మన యిచ్ఛాపురమువారు అరేబియా సముద్రపు బెస్తవారి సంఘమున చేరినట్లున్నది!

ఈ మార్పువలన అందరిమీదను ఒక్క తీరుగా భారము పడలేదు. ఫుట్‌బాలు జట్టు సాధారణముగా వారమున కొక్కసారి, అదియు శనివారమున, ఆడును. దానికి చదువు చెడుట తక్కువ. ఈతగాండ్రు, పరుగుపందెములవారు ఏడాది పొడవున దగ్గరివారితో పోటీపడి, కూటమి పోటీకి కాలమున కొకసారి పోయిన చాలును. వాలీబాలు, సాకరు, సాఫ్ట్‌బాలు మున్నగునవి అట్లు కావు. ఆ జట్లు వారమున రెండు మూడు పర్యాయములు కూటమిలోనివారితోనే ఆడవలయును. ఆ దేశపు ఈ తీరమునుండి ఆ తీరమునకు విమానమున అయిదు గంటల పైచిలుకు పయనము. గడియారములో మూడుగంటల తేడా. ఫుట్‌బాలు ధనముకొరకు చేసిన సంతకమునకు వెల చెల్లించినది మా పిల్లవంటివారి పాఠములు, నిద్ర.

అయితే ఆ దేశమున దీనికి విరుగుడు వెదకినవారును కలరు. తూర్పునుండి వచ్చిన జట్టు ఒక్క ప్రయాణములోనే స్టాన్‌ఫర్డుతోను, బర్క్‌లీవారితోను ఆడిపోవునట్లు కొన్ని ఆటలకు జంట యేర్పాటు చేసిరి. పాక్-12లో మిగిలిపోయిన ఆరెగన్ స్టేటు, వాషింగ్టన్ స్టేటు అను రెండు విశ్వవిద్యాలయములు ఫుట్‌బాలునకు వేరు దారి చూచుకొని, స్త్రీల వాలీబాలు, సాకరు, బాస్కెట్‌బాలు మొదలగు వానిని రెండు సంవత్సరములకు, సమీపముననే యున్న వెస్ట్ కోస్టు కాన్ఫరెన్సున చేర్చినవి. వాటరు పోలో, జిమ్నాస్టిక్సువంటి, కొద్ది సంస్థలే ఆడు ఆటలకై మౌంటెన్ పసిఫిక్ స్పోర్ట్సు ఫెడరేషను 1992లోనే యేర్పడినది. వీనివలన మనము గ్రహింపవలసినది యొక్కటి: ధనము తెచ్చు ఆట పోయిన త్రోవనే తక్కిన ఆటలన్నియు పోనక్కరలేదు. ఏ ఆటకు తగిన పొరుగును ఆ ఆటకు చూడవచ్చును.

ఇక మన సంగతి. మన కళాశాలలలో ధనమార్జించు ఆటయే లేదు. కబడ్డియైనను, ఖోఖోయైనను వ్యయమే. కాని ఇచ్చటను కూటములు మారుచునే యున్నవి. మన శ్రీకాకుళపు కళాశాలలు పూర్వము విశాఖపట్టణమునందలి ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు చేరినవి. 2008లో ఎచ్చెర్లయందు డాక్టరు బి.ఆర్. అంబేడ్కరు విశ్వవిద్యాలయము వెలసిన పిదప ఆ సంబంధము మారినది. ఇచ్ఛాపురపు పిల్లకు విశ్వవిద్యాలయపు జట్టు ఎంపికకై చేయు ప్రయాణములో సుమారు తొంబది కిలోమీటరులు తగ్గినవి. తక్కువ కళాశాలలుండుటచే జట్టులో చోటు దొరకుటయు కొంత సులభమైనది. ఆ మేరకు, జిల్లాలో ఎదుర్కొను ప్రత్యర్థులును తక్కువైరి. ఆపైన దేశమును నాలుగు మండలములుగా విభజించి జరుపు అంతర్విశ్వవిద్యాలయ పోటీలకు ఎంపికైనచో దూరప్రయాణము తప్పదు.

మా పొరుగున జీడిపప్పు ఒలుచు పనిచేయు ఒక తల్లి కలదు. ఆమె కుమార్తె డిగ్రీ చదువుచు కబడ్డి ఆడుచున్నది. మొన్నటి యేట ఆ పిల్లను ఎంపికకు పిలిచిరి. తల్లి నాయొద్దకు వచ్చి, “అమ్మగారూ! ఈ ఆట కూడు పెట్టునా? పిల్లను పంపమందురా, వద్దందురా?” అని అడిగినది. నేను పంపుమనియు చెప్పలేదు, వద్దనియు చెప్పలేదు. నాలుగు మాటలు కళాశాలలో అడిగి రమ్మంటిని: వెంట స్త్రీ యెవరైన వచ్చునా? రాత్రి బస యెచ్చట? దారిఖర్చు ఎవరిది? ఆ దినమున పరీక్షయున్నచో మరల వ్రాయనిత్తురా?

మొదటి మూడింటికి సమాధానము వెంటనే దొరకినది. నాలుగవదానికి దొరకలేదు. అదే దినమున పరీక్ష. వ్రాయనిచో మార్కులు పోవునని చెప్పి పంపిరి. పిల్ల కన్నీరు పెట్టుకొన్నది. ఆ తల్లి ఒకనాటి కూలి మానుకొని మరల పోయి, “మీరు పిలిచిన పనికే గదా మా పిల్ల పోవుచున్నది!” అని నిలిచి యడిగినది. వారు కొంత తడవు ఆలోచించి, తరువాతి వారమున పరీక్ష పెట్టుదుమని కాగితముమీద వ్రాసి యిచ్చిరి. పిల్ల పోయినది. జట్టున ఎంపిక కాలేదు. కాని ప్రతి ఉదయము అయిదు గంటలకు లేచి పరుగెత్తుట మానలేదు. తల్లియు వలదనుట మానినది.

“కూడు పెట్టునా” అను ప్రశ్న చిన్నది కాదు. అందరికిని పెట్టునని నేను చెప్పజాలను. అయినను మన జిల్లాలోని ఆమదాలవలస చెంత ఊసవానిపేట కలదు. ఆ యూరి ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి నీలంశెట్టి అప్పన్నగారియొద్ద బరువులెత్తుట నేర్చినది. 2000వ సంవత్సరము సెప్టెంబరు 19న సిడ్నీ నగరమున 110, 130, మొత్తము 240 కిలోగ్రాములెత్తి కాంస్యపతకము గొన్నది. ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతీయ స్త్రీ ఆమెయే. స్త్రీల కా పోటీని ఒలింపిక్ క్రీడలలో చేర్చినదియు ఆ యేటనే. టిక్కెట్టు కొని జనము మూగు ఆట కాదది. ధనమును మాత్రమే చూచియుండినచో ఆ పిల్లను వ్యాయామశాలకు పంపువారెవరు?

కూటములు ఇకముందును మారును. పెద్దలు సంతకములు చేయుదురు, మనలను అడుగరు. కాని పిల్ల ప్రయాణపు సంచి సర్దునది మనము. సర్దుటకుముందు ఆ నాలుగు ప్రశ్నలును అడుగుడు. మొదటిసారి సమాధానము రాకున్న మరల అడుగుడు. వచ్చిన సమాధానమును కాగితముమీద వ్రాయించుకొనుడు.